పసుపు క్లిప్పు

పోయిన వారం మనం కథ ఆపేసరికి ఎర్రమట్టి మైదానంలో విమానాల క్లబ్బు పెద్దాయన రాచయ్య చేతి నుంచి నెత్తురు కారుతున్నది. అప్పటిదాకా జయానందం చేతిలోని రేడియో సెట్టు చెప్పినట్టల్లా విన్న చిన్న విమానం, దిగబోయే ముందు ఒక్కసారిగా తల తిప్పి, సున్నపు గీత దాటి జనం మీదికి దూకింది. దుబల్గుండి నుంచి కూతురింటికొచ్చి, తమాషా చూద్దామని ముందు కూచున్న బసమ్మను పక్కకు తోసి రాచయ్య అడ్డం పడ్డాడు. ముసలామెకు ఏమీ కాలేదు. రాచయ్య కుడిచేతి చూపుడు వేలు మాత్రం, విమానం ముక్కున గిర్రున తిరిగే పంకా కింద సగానికి తెగిపోయింది.

జయానందం సొంతంగా చేసుకున్న సెట్టు దగా చేసిందని బీదరు బజారంతా అన్నది. అలా కాదని తెలిసిన మగవాడు ఊళ్ళో ఒక్కడే. అతని పేరు కిషన్‌రావు. ఉస్మాన్‌గంజ్‌లో బట్టల టోకు వ్యాపారం, ఆ విమానాల క్లబ్బుకు ప్రెసిడెంటు.

క్లబ్బులో ఒక చెక్కపలక ఉంది. దానికి ఆరు రంగుల బట్టల క్లిప్పులు. ఒక్కో రంగు ఒక్కో రేడియో అలకు గుర్తు. ఎవరి సెట్టు ఏ రంగుదో ఆ క్లిప్పు తీసి ఏరియల్‌కు పెట్టుకున్నాకే సెట్టు ఆన్ చెయ్యాలి. ఒకే రంగు సెట్లు రెండు ఒక్కసారి ఆన్ అయితే, గాలిలో ఉన్న విమానానికి ఎవరి మాట వినాలో తెలియదు. అందుకే రంగుకు ఒక్కటే క్లిప్పు. కిషన్‌రావు సెట్టుది పసుపు. జయానందం సెట్టుదీ పసుపే. ఆ ఆదివారం క్లిప్పు జయానందం ఏరియల్ మీద ఉంది. విమానం దిగుతుండగా, జీపులో కూచున్న కిషన్‌రావు తన సెట్టు ఆన్ చేశాడు. మూడు లెక్కపెట్టేంతసేపు ఉంచి ఆపేశాడు.

ఎందుకు చేశావని ఎవరైనా అడిగితే బ్యాటరీ చూసుకున్నానని చెప్పేవాడు. తనకు తానూ వారం రోజులుగా అదే చెప్పుకున్నాడు. కానీ మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధం పొద్దున లేవగానే వెక్కిరిస్తుంది.

అతని అసూయ ఒక్కరోజుది కాదు. మూడేళ్ళ కింద బొంబాయి నుంచి సెట్టు తెప్పించినప్పుడు, జిల్లాలో అలాంటిది ఇంకొకటి లేదు. అతని విమానం తూలుతూ లేచి, తూలుతూ దిగినా జనం నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. చౌబారా గడియారం బురుజు దగ్గర రేడియోలు బాగుచేసే జయానందం మొదట ఆ సెట్టు రిపేరుకే వచ్చాడు. ఎర్రటి కళ్ళు, సన్నటి వేళ్ళు, తక్కువ మాట. "నేను కూడ ఒక సెట్టు కట్టుకుంట అన్నా" అని ఒకనాడు మెల్లగా అంటే, కిషన్‌రావుకు ముచ్చటేసింది. సెట్టు ఏ అల మీద మాట్లాడాలో తేల్చే క్రిస్టళ్ళలో, తన దగ్గర అదనంగా ఉన్న పసుపు జత తీసి అతని చేతిలో పెట్టాడు. "గరీబోడు, ఆడుకోనియ్" అని దోస్తులతో నవ్వాడు.

జయానందం వెదురుబద్దలతో, పతంగుల కాగితంతో విమానం కట్టాడు. అది ఎగిరిన మొదటి రోజునుంచే కిషన్‌రావుకు అన్నం రుచి తగ్గింది. తన విమానం దిగితే జనం హమ్మయ్య అనుకునేవాళ్ళు. జయానందం విమానం దిగితే ఇంకోసారి అని అరిచేవాళ్ళు. ఆ తేడా విన్నది తానొక్కడే అని కిషన్‌రావు అనుకున్నాడు. తర్వాత రాచయ్య కూడా విన్నాడు. వైమానిక దళంలో ఇరవై ఏళ్ళు ఇంజన్లు చూసి వచ్చిన రాచయ్య, క్లబ్బు నియమాల పుస్తకం రాసిన రాచయ్య, మైదానంలో ఆయన మాటే మాట. వచ్చే నెల ఒకటో తారీఖున మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అని పేరు పెట్టే పండుగలో, జిల్లా కలెక్టరు డీసీ సాబ్ ముందర విమానం ఎగరేసేది జయానందమని ఆయనే తేల్చి చెప్పాడు.

అది కూడా మింగాడు కిషన్‌రావు. మింగలేనిది ఆ ఆదివారం జరిగింది. జయానందం విమానం గాలిలో మూడు గిరికీలు కొట్టి తిన్నగా దిగుదారి పట్టినప్పుడు, జీపులో పక్కన కూచున్న భార్య సుమిత్రాబాయి లేచి, దిగి, సున్నపు గీత దాకా నడిచి వెళ్ళి చప్పట్లు కొట్టింది. పదకొండేళ్ళ కాపురంలో ఆమె తనకోసం అలా లేచి నడిచిన రోజు ఒక్కటైనా ఉందా అని కిషన్‌రావు వెతికాడు. దొరకలేదు. అతని చెయ్యి ఒళ్ళోని సెట్టు మీదికి పోయింది.

ఇక ఈ ఆదివారం సంగతి.

పొద్దున తొమ్మిదికల్లా రేకుల షెడ్డు కింద క్లబ్బువాళ్ళు పదిమందీ చేరారు. ఆడవాళ్ళు ఒక పక్క జంపఖానా మీద కూచున్నారు. మధ్యలో బల్ల. బల్లమీద విరిగిన రెక్కతో జయానందం విమానం, పక్కన అతని సెట్టు, దాని పక్కన కిషన్‌రావు సెట్టు, నియమాల పుస్తకం. రాచయ్య కుడిచెయ్యి కట్టు కట్టి మెడకు వేలాడేసి ఉంది. ఎడమచేత్తో పుస్తకం తెరిచాడు.

"అందరు కూచోండ్రి. నా వేలు పోయింది, అది నా నసీబ్. దాని గురించి మాట్లాడుటానికి రాలె. గీత దాటి జనం మీదికి విమానం ఎందుకొచ్చిందో ఇయ్యాల తేలాలె. తేలకుంటే ఈ మైదానంల ఇంకో విమానం లేవది."

చక్కెర కార్ఖానాలో గుమస్తా సిద్ధప్ప వెంటనే అందుకున్నాడు. "తేలేదేముంది మామా? ఇంట్ల కట్టిన సెట్టు ఇంట్లనే పెట్టుకోవాలె. కంపెనీ సెట్టు కానిది మైదానంలకు రావొద్దని రూలు రాయుండ్రి. జయానందాన్ని తీసేయుండ్రి. ఖతం."

జయానందం తల ఎత్తలేదు. ఈ వారమంతా అతని దుకాణం ముందు ఒక్క రేడియో దిగలేదు. సొంత సెట్టే నడవనివాడు మన రేడియో ఏం బాగు చేస్తాడని, ఇచ్చినవాళ్ళు కూడా వచ్చి వెనక్కు పట్టుకుపోయారు.

"తీసేసే ముందు చూద్దాం" అన్నాడు రాచయ్య. "నాలుగో నియమం. ఎగరేసే ముందు ఏరియల్ దించి, దూరం నడిచి, సెట్టు మాట అందుతుందో లేదో చూడాలె. జయానందం, నీ సెట్టు పట్టుకొని నడువు."

జయానందం చెక్కపలక మీది పసుపు క్లిప్పు తీసి ఏరియల్‌కు పెట్టుకున్నాడు. విమానంలో స్విచ్చి వేసి, సెట్టు పట్టుకుని ఎండలోకి నడిచాడు. ముప్పై అడుగులు, యాభై, ఎనభై. అతను సెట్టు మీది చిన్న కర్ర కదిపినప్పుడల్లా బల్లమీది విమానం తోక కుడికీ ఎడమకూ ఒద్దికగా కదిలింది. తుమ్మచెట్టు దాటాడు. తోక కదిలింది. అక్కడితో చాలని రాచయ్య చెయ్యి ఊపాడు.

జయానందం తిరిగొచ్చి సెట్టు బంద్ చేసి క్లిప్పు బల్లమీద పెట్టాడు. విమానంలోని స్విచ్చి మాత్రం అలాగే ఉండిపోయింది. ఎవరూ గమనించలేదు.

"కంపెనీ సెట్లు కూడ ఇంత దూరం పోవు" అన్నాడు రాచయ్య. "సెట్టు సాఫ్ ఉంది. మరి గాలిల ఏమైంది? నాకు తెలిసి ఒక్కటే కారణం. అదే అల మీద ఇంకోటి మాట్లాడింది. మూడో నియమం." ఆయన చూపు నిదానంగా తిరిగి ప్రెసిడెంటు మీద ఆగింది. "పసుపు సెట్లు రెండే. కిషన్‌రావు సాబ్, ఆ యాళ్ళకు మీ సెట్టు ఎట్ల ఉండె?"

కిషన్‌రావు ఈ ప్రశ్న కోసం వారం రోజులు తయారయ్యాడు.

"బంద్ ఉండె" అన్నాడు.

"పక్కా?"

"నేను జీపుల కూచున్న. సెట్టు ఒళ్ళె ఉండె. బంద్ ఉండె. నా మాట మీద నమ్మకం లేదా మామా?"

షెడ్డు కింద ఎవరో దగ్గారు. అప్పుడు కిషన్‌రావు ఊహించనిది జరిగింది. జయానందం నోరు తెరిచాడు.

"అన్న బంద్ ఉండె అంటే బంద్ ఉన్నట్టే. నాకు క్రిస్టల్ ఇచ్చిన మనిషి అబద్ధం చెప్తడా? తప్పు నాదే అయి ఉంటది. ఎక్కడనో తీగ అతికే టాంకా సరిగ పెట్టలేదు కావొచ్చు. గాలిల అదిరి తప్పిపోయి ఉంటది." అతను రాచయ్య కట్టువైపు చూసి చూపు దించుకున్నాడు. "నేను ఇంక ఎగరెయ్య. ఒకటో తారీఖున అన్న ఎగరేస్తడు. రెక్క నేను అతికిస్త, నా విమానమే తీస్కోండ్రి అన్నా. మీ చేతుల మంచిగనే పోతది."

కిషన్‌రావు కోరుకున్నదంతా ఆ బల్లమీదికి వచ్చి వాలింది. మైదానం తనది. డీసీ సాబ్ ముందు నిలబడేది తను. గిరికీలు కొట్టే విమానం కూడా తన చేతికే వస్తున్నది. లోపల సంతోషం ఒక్క క్షణం ఎగిరింది. మరుక్షణం చుట్టూ చూశాడు. పదిమంది కళ్ళూ జయానందం మీదే ఉన్నాయి. తిట్టిన సిద్ధప్ప కూడా కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు. ఓడిపోయి కూచున్నా వాళ్ళు వాడినే చూస్తున్నారు! గెలిచి నిలబడ్డా తనవైపు చూసేవాడు లేడు.

"రాసుకుంటున్న మరి" అన్నాడు రాచయ్య, ఎడమచేత్తో కలం కష్టంగా పట్టుకుని.

"రాయకుండ్రి."

ఆడవాళ్ళ వైపునుంచి వచ్చింది ఆ మాట. సుమిత్రాబాయి లేచి నిలబడింది. నేత కోక కొంగు భుజం చుట్టూ లాక్కుని బల్ల దగ్గరకు వచ్చింది.

"ఆ దినం సెట్టు ఆన్ చేసింది నేను" అన్నది. "జీపుల ఉన్నది గద, చూద్దామని స్విచ్చి వేసిన. ఆయన చూడలె. జయానందం తప్పేం లేదు."

కిషన్‌రావు ఆ ఆదివారాన్ని గుర్తు చేసుకున్నాడు. ఆమె గీత దగ్గర చప్పట్లు కొడుతున్నది. ఆమె ఆన్ చెయ్యడమేమిటి? అంటే ఆమెకు తెలుసు. జీపువైపు తిరిగినప్పుడు ఎండలో మెరిసిన ఏరియల్ చూసి ఉంటుంది. మొన్న బుధవారం అన్నం వడ్డిస్తూ "నాకు చెప్పవలసింది ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. లేదన్నాడు. మళ్ళీ అడగలేదు. ఆ అడగకపోవడం ఇప్పుడు అర్థమైంది.

నన్ను కాపాడుతున్నదా అనుకున్నాడు. కళ్ళు చెమర్చబోయాయి. అంతలోనే రెండో ఆలోచన వచ్చి మొదటిదాన్ని మింగేసింది. నా పరువు కోసమైతే ఊరుకునేది. నేను గెలిచాను కదా. ఇప్పుడు లేచిందంటే వాడికోసమే లేచింది.

రాచయ్య ఆమెవైపు తిరిగాడు. "సుమిత్రమ్మా, ఊరికే అనొద్దు. ఈ సెట్టు ఆన్ చేసుడు అందరికి రాదు. కిషన్‌రావు సాబ్ అడుగున ఒక కొక్కెం పెట్టించుకున్నడు. అది నొక్కకుంటే స్విచ్చి జరగది. నీకొస్తే చేసి చూపెట్టు."

కిషన్‌రావు ఊపిరి పీల్చుకున్నాడు. ఆమెకు రాదు. ఇంట్లో ఆ సెట్టును తుడవడానికి కూడా ఆమెను ముట్టనిచ్చేవాడు కాదు. కొక్కెం ఎక్కడుందో తనకూ, దాన్ని బిగించిన జయానందానికీ, రాచయ్యకూ తప్ప తెలియదు.

సుమిత్రాబాయి సెట్టువైపు చెయ్యి చాపలేదు. మొదట బల్లమీది పసుపు క్లిప్పు తీసుకుంది. ఏరియల్ మొదటి మడత లాగి, దానికి క్లిప్పు తగిలించింది. తల ఎత్తి ఆకాశం ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది. "ఎవ్వలన్న ఎగరేస్తుండ్రా? పసుపు ఆన్ చేస్తున్న" అని గట్టిగా, అలవాటైన గొంతుతో అన్నది. ఒక్క క్షణం ఆగి జవాబు రాకపోయాక, కుడిచేతి చిటికెనవేలు సెట్టు అడుక్కు పోనిచ్చి కొక్కెం నొక్కి, బొటనవేలితో స్విచ్చి జరిపింది.

సెట్టు మీటరులో ముల్లు లేచింది. బల్లమీద, స్విచ్చి వేసి మరిచిపోయిన జయానందం విమానం తోక టపటప కొట్టుకుంది.

షెడ్డు కింద అందరూ వెనక్కి జరిగారు. ఒక సెట్టు ఇంకొకరి విమానాన్ని ఎలా ఆడిస్తుందో వాళ్ళు అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. "అరె బాప్రే" అన్నాడు సిద్ధప్ప. సుమిత్రాబాయి స్విచ్చి ఆపింది. తోక నిలిచింది.

రాచయ్య పుస్తకం మూసేశాడు.

"అమ్మా, నీకు ఆన్ చేసుడు వస్తది. నాకంటె మంచిగ వస్తది. అందుకే నువ్వు చెప్పింది నేను నమ్మ. క్లిప్పు పెట్టనిది సెట్టు ముట్టవు, ఆకాశం చూడనిది స్విచ్చి జరపవు. గసొంటి మనిషివి, విమానం గాలిల ఉన్నప్పుడు క్లిప్పు లేకుంట ఆన్ చేసినవా? చెయ్యవు. ఇంకెవలనో కాయడానికి చెప్తున్నవు."

అందరికీ అర్థమైంది. తలలు ఒక్కొక్కటే ప్రెసిడెంటువైపు తిరిగాయి. ఇందాక తనను చూడలేదని బాధపడ్డవాడిని ఇప్పుడు అందరూ చూస్తున్నారు. కానీ కిషన్‌రావుకు వాళ్ళెవరూ కనపడటం లేదు. అతనికి కనపడుతున్నది ఆ చిటికెనవేలు. వెతుక్కోకుండా, తడబడకుండా, ఎన్నోసార్లు నడిచిన దారిలో నడిచినట్టు కొక్కెం మీదికి పోయిన వేలు.

మూడు నెలలుగా ప్రతి గురువారం ఆమె హళ్ళిఖేడ్‌లో అక్క ఇంటికని బస్సెక్కేది. సాయంత్రం వచ్చి కోక అంచు దులుపుకునేది. హళ్ళిఖేడ్ చెరకు పొలాలది నల్లమట్టి. ఆమె దులిపింది ఎర్రది, ఈ మైదానం రంగుది. కళ్ళముందే రాలిన ఆ ఎర్రమన్నును తను ఎన్ని గురువారాలు చూసి కూడా చూడలేదు!

రాచయ్య అడగవలసిన ప్రశ్న అడగకముందే కిషన్‌రావు లేచాడు.

"నీకు ఇది ఎవలు నేర్పిండ్రు?"

సుమిత్రాబాయి భర్త ముఖంలోకి సూటిగా చూసింది. ఆమె కళ్ళలో భయం లేదు, కోపం కూడా లేదు. చాలా రోజులు మోసిన బరువు దించబోయేవాళ్ళ అలసట ఉంది.

"మామ వేలు పోయింది. జయానందం దుకాణం పోతున్నది. ఇంతమంది ముందర మీరు అడగవలసింది గిదేనా?" అన్నది. "సరే. చెప్త. కాని ముందు మీరు చెప్పుండ్రి. మీరు నిజం చెప్పినంక నేను చెప్త."

ఎండ రేకుల మీద చిటపటమన్నది. దూరంగా వైమానిక దళం శిక్షణ విమానం ఒకటి మలుపు తిరిగి పోయింది. కిషన్‌రావు బల్ల అంచు పట్టుకున్నాడు. అబద్ధం ఇంకా చేతికి అందేంత దూరంలోనే ఉంది. కానీ అటు చెయ్యి చాపితే, ఆమె దగ్గరున్న నిజం తనకు ఎప్పటికీ దొరకదు. రాచయ్య వేలు చేయించలేని పనిని, జయానందం మంచితనం చేయించలేని పనిని, చివరకు ఆ అసూయే చేయించింది.

"నేనే" అన్నాడు. "నేనే ఆన్ చేసిన. బ్యాటరీ కోసం కాదు. విమానం గాలిల ఉందని ఎరుకే. క్లిప్పు జయానందం దగ్గర ఉందని ఎరుకే. జనం మీదికి పోతదనుకోలె, మట్టిల కూలుతది అనుకున్న. వాడు కూలితే చాలనుకున్న. మామా, మీ వేలు నేనే తీసిన."

జయానందం ముఖం తెల్లగా పాలిపోయింది. రాచయ్య కట్టు కట్టిన చెయ్యిని ఎడమచేత్తో దగ్గరకు తీసుకున్నాడు, ఇప్పుడే తెగినట్టు. నియమాల పుస్తకం వైపు చూసి అన్నాడు.

"నియమం రాసేటప్పుడు గాలిని, ఇంజన్‌ను, బ్యాటరీని తలచుకొని రాసిన. మనిషిని తలచుకోలె." ఆయన ఎడమచేత్తో పసుపు క్లిప్పు తీసి జయానందం ముందు పెట్టాడు. "ఒకటో తారీఖు నీదే. కిషన్‌రావు సాబ్, మీ సెట్టు నా ఇంట్ల ఉంటది. ఎన్ని దినాలో నేను తర్వాత చెప్త."

కిషన్‌రావు తల ఊపాడు. ఆ శిక్ష చెవులకు తాకి జారిపోయింది. అతను భార్యవైపే చూస్తున్నాడు.

"నేను చెప్పిన. ఇగ నువ్వు చెప్పు."

సుమిత్రాబాయి పెదవి విప్పింది. అప్పుడు బల్లకు అటువైపునుంచి జయానందం గబుక్కున లేచాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది.

"వదినా, చెప్పకు!"

మూడేళ్ళలో జయానందం ఆమెను పేరు పెట్టిగానీ, వరస పెట్టిగానీ పిలవగా కిషన్‌రావు వినలేదు. ఎదురుపడితే తల వంచి పక్కకు తప్పుకునేవాడు. చెప్పకుండ్రి అని కూడా అనలేదు ఇప్పుడు. చెప్పకు అన్నాడు. ఇంట్లో మనిషితో అన్నట్టు.

సుమిత్రాబాయి అతనివైపు తిరగలేదు. కొంగు సర్దుకుని, భర్త కళ్ళలోకే చూస్తూ మొదలుపెట్టింది.

"ఆషాఢంల మీరు సరుకు కోసం బొంబాయి పోయి పన్నెండు దినాలు ఉన్నరు గద. మూడో దినం నన్ను ఈ మైదానంలకు పిలిచింది జయానందం కాదు. ఈ సెట్టు పట్టుకొని నేనే వచ్చిన..."